గత ఏడాది నా మనసుకు పట్టినవి: పర్లాకిమిడి నుంచి ఒక జవాబు

‘2025లో మీరు విన్న పాటల్లో, చూసిన కళల్లో మీకు బాగా నచ్చినవి ఏవి? ఎందుకు?’ అన్న ప్రశ్నకు వచ్చిన జవాబులన్నీ చదివాను. ఎక్కువమంది సినిమా పాటలు, సిరీస్‌లు, హైదరాబాదులోనో విశాఖలోనో జరిగిన కచేరీలు చెప్పారు. నేనుండే చోటు వేరు కాబట్టి నా జవాబు కూడా వేరుగానే ఉంటుంది. నా పుట్టిల్లు పాతపట్నం, అత్తిల్లు పర్లాకిమిడి. మధ్యలో మహేంద్రతనయ నది. ఆటో ఎక్కితే కాసేపట్లో ఇంటికి చేరిపోతాను, కానీ ఈలోగా రాష్ట్రం మారిపోతుంది. అటు శ్రీకాకుళం జిల్లా, ఇటు ఒడిశాలోని గజపతి జిల్లా. మా ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ, ఆఫీసు కాగితాల మీద ఒడియా.

గత ఏడాది నాకు దక్కిన మంచి పాటంతా ఈ చుట్టుపక్కల పుట్టిందే. మన తెలుగువాళ్లలో చాలామందికి, ఆఖరికి ఇక్కడికి గంట దూరంలో ఉన్నవాళ్లకు కూడా ఇవి తెలియవు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ప్రహ్లాద నాటకం.

గంజాం, గజపతి జిల్లాల పల్లెల్లో దీనికున్న పిచ్చి అంతా ఇంతా కాదు. పల్లెకో బృందం ఉందా అనిపిస్తుంది. మా మామయ్యగారికి డెబ్బై దాటాయి. మామూలు రోజుల్లో తొమ్మిదింటికల్లా పడుకునే మనిషి, ఎక్కడో ప్రహ్లాద నాటకం ఉందని తెలిస్తే మాత్రం తువ్వాలు భుజాన వేసుకుని తయారు. పోయిన వేసవిలో గంజాం వైపు ఒక పల్లెలో ఆట ఉందని తెలిసి, “అమ్మాయ్, నువ్వూ రా. మన ఊళ్లో సన్మాన సభల్లో ఆడించే ముక్కలు కావు, తెల్లవార్లూ ఆడతారు” అన్నారు. పిల్లల్ని అత్తయ్య దగ్గర వదిలి వెళ్లాను.

ఈ నాటకానికి వేదికే ఒక వింత. బల్లపరుపుగా ఉండే స్టేజీ కాదు, మెట్లు మెట్లుగా కట్టిన చెక్క మంచె. అన్నిటికన్నా పైమెట్టు మీద హిరణ్యకశిపుడి సింహాసనం ఉంటుంది. మిగతా పాత్రలన్నీ కింద నేల మీదే, జనానికి చేయి చాస్తే అందేంత దగ్గర్లో ఆడతాయి. రాజుకు కోపం వస్తే ఒక్కో మెట్టూ దిగుతూ, మళ్లీ ఎక్కుతూ, పాదం బలంగా వేస్తూ పాడతాడు. ఆ చెక్క మోత మర్దల (మృదంగంలాంటి వాద్యం) దెబ్బతో కలిసిపోతుంది. ఒక పక్కన గాయకుడు, హార్మోనియం, తాళాలు, మర్దల, ముఖవీణ. గాయకుడు ఎత్తుకున్న పాటను పాత్రధారి అందుకుంటాడు, ముఖవీణ ఆ ఇద్దరి వెనకాలే నడుస్తుంది. ముఖవీణ అంటే చిన్న సన్నాయి అనుకోండి. మన పెళ్లి సన్నాయి కంటే గొంతు సన్నం, పదును ఎక్కువ.

నన్ను కట్టిపడేసింది ప్రహ్లాదుడికి విషం ఇచ్చే ఘట్టం. రాజు ఆజ్ఞ. బిడ్డకు విషం తాగించాల్సింది తల్లి లీలావతి. ఆ వేషం కట్టింది మగమనిషే, మీసం తీసిన చోట పౌడరు చెమటకు కరుగుతోంది. అంత దగ్గర నుంచి అన్నీ కనబడుతున్నా, పాట మొదలయ్యాక నాకు తల్లే కనిపించింది. ఒకే చరణాన్ని పట్టుకుని తిప్పి తిప్పి పాడాడు. గిన్నె పిల్లాడి నోటి దాకా తెస్తాడు, మళ్లీ వెనక్కి తీసుకుంటాడు. అలా తెచ్చిన ప్రతిసారీ రాగం ఒక మెట్టు పైకి వెళుతుంది, వెనక్కి తీసుకున్నప్పుడు ముఖవీణ ఒక్కటే మిగులుతుంది. నా పక్కన కూర్చున్న ముసలమ్మ ఎన్నేళ్ల నుంచి చూస్తోందో, తర్వాతి మాట గాయకుడి కంటే ముందే పెదాలతో అనేస్తోంది, అయినా కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే ఉంది.

తెల్లవారుతుండగా నరసింహుడు వస్తాడు. ఆ ముఖాన్ని మామూలు మాస్కులా చూడరు. దేవుడిలా పూజ చేసి, దీపం వెలిగించి, అప్పుడే తీస్తారు. కట్టుకునే మనిషి నిష్ఠగా ఉపవాసం ఉంటాడు. స్తంభం చీల్చుకుని వచ్చాక అతనికి పూనకం వస్తుంది. పట్టుకోవడానికి మనుషులు సిద్ధంగా ఉంటారు, ఆ పట్టు నిజంగా అవసరం కూడా. జనం లేచి నిలబడి దండాలు పెడతారు. నాటకం ఎక్కడ ఆగిందో, మొక్కు ఎక్కడ మొదలైందో చెప్పలేం.

దీన్ని 19వ శతాబ్దంలో జలంత్ర సంస్థానం రాజు రామకృష్ణ ఛోట్‌రాయ్ రాశాడని చెబుతారు. ఆ జలంత్రకోట ఇప్పుడు ఉన్నది మన శ్రీకాకుళం జిల్లాలో, కంచిలి వైపు. అంటే ఒడియా పల్లెలు ప్రాణంగా చూసుకునే నాటకానికి పుట్టినిల్లు ఇప్పటి ఆంధ్రాలో ఉంది. భాష ఒడియా, మధ్యలో సంస్కృత శ్లోకాలు. యక్షగానం గానీ, మన ఉత్తరాంధ్ర తూర్పు భాగవతం గానీ చూసినవాళ్లకు ఆ పాత్ర ప్రవేశం, గాయకుడూ నటుడూ పాటను పంచుకునే తీరు వెంటనే అందుతాయి. ఒడియా ముక్క రాకపోయినా ఫర్వాలేదు, కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే కదా.

ఒక్క విషయం మాత్రం బాధేస్తుంది. ఈమధ్య కొన్ని చోట్ల డీజే వాళ్ల పెద్ద బాక్సులు తెచ్చి పెడుతున్నారు. ఆ హోరులో ముఖవీణ అసలు వినబడదు. ముఖవీణ వాయించే పిల్లలే తగ్గిపోతున్న రోజుల్లో, ఉన్న ఒక్కరి వాద్యాన్నీ ఇలా ముంచేయడం నాకు నచ్చదు. అలాగే పట్టణాల్లో రెండు గంటలకు కుదించి ఆడిస్తారు. అందులో యుద్ధం, నరసింహుడు ఉంటాయి గానీ తల్లి గిన్నెతో నిలబడే ఆ ఘట్టానికి సమయం ఇవ్వరు. చూడదలుచుకుంటే పల్లెలో, రాత్రంతా ఆడేదే చూడండి.

రెండోది ఒడిస్సీ పాట. ఒడిస్సీ అనగానే అందరికీ నృత్యం గుర్తొస్తుంది. పాట గురించి చెప్పేవాళ్లు తక్కువ. మా ఊరివాడు, 1784లో పర్లాకిమిడిలో పుట్టిన కవి గోపాలకృష్ణ పట్నాయక్ రాధాకృష్ణుల మీద రాసిన పదాలు ఒడిశా అంతా పాడుకుంటారు. ఆయన తర్వాత కొద్ది ఏళ్లకే గంజాంలో పుట్టిన కవిసూర్య బలదేవ రథ్ రాసింది కిశోరచంద్రానన చంపూ అనే పాటల కావ్యం. నేను గత ఏడాదంతా ఈ చంపూ విన్నాను, ఇంకా వింటూనే ఉన్నాను.

దీని కట్టడి తెలిస్తే మీకూ ఆసక్తి కలుగుతుంది. క నుంచి క్ష వరకు అక్షరానికో పాట, మొత్తం 34. ‘క’ పాటలో పాదాలన్నీ ‘క’తోనే మొదలవుతాయి, ‘ఖ’ పాటలో ‘ఖ’తో. ఝ, ఢ లాంటి అక్షరాలు వచ్చినా వదిలిపెట్టడు. మన పద్యాల్లో రెండో అక్షరానికి ప్రాస చూసుకుంటాం, అక్కడ మొదటి అక్షరమే పట్టు. ఇంత బిగింపులో కూడా కథ నడుస్తుంది: రాధ, కృష్ణుడు, ఇద్దరి మధ్య రాయబారం నడిపే చెలికత్తె లలిత. ఒక్కో పాట ఒక్కరి గొంతు. లలిత కృష్ణుణ్ణి దెప్పే పాటలు వింటుంటే, మన ఇళ్లల్లో బావను ఆటపట్టించే మరదళ్ల నోరు గుర్తొస్తుంది నాకు.

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు సాయంత్రాలు పిల్లలకు పాఠం చెబుతారు. ఆయన ఒడియా, ఇంట్లో ఆవిడ తెలుగు. మా అమ్మాయి వెళ్తుంది, దాన్ని దింపడానికని వెళ్లి నేనూ అరుగు మీద కూర్చుండిపోతాను. ఆయన ముందు పాటను పాటగా పాడరు. ఒక్కో పాదం మాటగా చదివి, పిల్లల చేత చదివించి, లలిత ఇక్కడ నవ్వుతోందా, కోప్పడుతోందా అని అడుగుతారు. వాళ్లు చెప్పాకే రాగం. ఒకరోజు ఒక పాదంలో గమకం దగ్గర మా అమ్మాయి కర్ణాటక సంగీతంలో నేర్చుకున్నట్టు ఊపింది. ఆయన తప్పనలేదు. తను ఒకసారి పాడి, దాన్ని పాడమని, ఆ రెంటినీ ఎదురెదురుగా పెట్టి వినిపించారు. ఒడిస్సీలో ఆ స్వరం ఊగదు, మెల్లగా జారి తర్వాతి స్వరం మీద కూర్చుంటుంది. శంకరాభరణం, ఆనందభైరవి, సావేరి పేర్లు వాళ్లకూ ఉన్నాయి. పేరు చూసి మన రాగమే అనుకుని వినకండి, నడక వేరుగా ఉంటుంది. ఆ తేడా పట్టుబడిన రోజు మా అమ్మాయి ఇంటికొచ్చి రెండూ పాడి వాళ్ల నాన్నకు పరీక్ష పెట్టింది. ఆ సాయంత్రం నాకు గత ఏడాది మొత్తంలోనే ఇష్టమైన కచేరీ.

పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు ఒడియా రాదు. ఈ చంపూ వల్లే ఒడియా అక్షరాల మీద ప్రేమ కలిగింది. పిల్లలకు భాష నేర్పాలనుకునే తల్లులకు ఇది గట్టిగా చెబుతాను. ఒడియా మీడియంలో చదివే మన తెలుగు పిల్లలకు ఇంట్లో శతక పద్యాలు చెప్పండి, పక్కనే చంపూ కూడా వినిపించండి. ఒకటి నేర్పితే ఇంకొకటి పోతుందన్న భయం వద్దు. మా ఇంట్లో రెండూ పెరిగాయి.

మూడోది బరంపురం ఠాకురాణీ యాత్ర. రెండేళ్లకోసారి జరుగుతుంది, 2025 ఏప్రిల్‌లో జరిగింది. దాదాపు నెల రోజుల జాతర. బుఢీ ఠాకురాణి అమ్మవారు గుడి నుంచి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు దేశీబెహెరా వీధి. దేశీబెహెరా అంటే డేరా నేతవాళ్ల కులపెద్ద, అమ్మవారు ఆయన ఇంటి ఆడపడుచు. ఈ నేతవాళ్లు ఒకప్పుడు రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లని చెబుతారు. బరంపురం పట్టు చీరకు పేరు తెచ్చింది వీళ్ల మగ్గాలే. ఆ వీధిలో నిలబడితే అమ్మవారికి చెప్పుకునే మొక్కులు తెలుగులోనూ వినబడతాయి, ఒడియాలోనూ వినబడతాయి. ఆడపడుచు పుట్టింటికి వచ్చిందంటే ఎంత హడావుడో తెలుగింటివాళ్లకు చెప్పాలా!

రాత్రిళ్లు ఆడవాళ్లు ఘటాలు తలమీద పెట్టుకుని వీధి వీధీ తిరుగుతారు. ఇళ్లముందు నీళ్లు పోసి, పసుపు పెట్టి ఎదురు చూస్తుంటారు. ఇంక వేషాలు. మొక్కుకున్నవాళ్లు దేవుళ్లుగా, రాక్షసులుగా, పులులుగా వేషం కడతారు. నాకు పులివేషం అంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం, మా పాతపట్నం వైపు కూడా కడతారు కాబట్టి. మా ఆడపడుచు వాళ్లుండే వీధిలో ఒక కుర్రాడికి రంగు వేయడం దగ్గరుండి చూశాను. పొద్దున్నే మొదలుపెట్టారు. ముందు ఒంటినిండా పసుపు రంగు. అది ఆరేదాకా కూర్చోకూడదు, ఆనుకోకూడదు, చేతులు ఎడంగా పెట్టి నిలబడే ఉన్నాడు. వాళ్లమ్మ అన్నం ముద్దలు కలిపి నోట్లో పెట్టింది, రంగు అంటకుండా నీళ్లు ఎత్తి పోసింది. తర్వాత నల్ల చారలు. చారలు వేసే పెద్దాయన ఎక్కడా గీత దిద్దలేదు. వెన్నుపూస నుంచి పక్కలకు ఒకే ఊపులో లాగేశాడు. డప్పు మొదలవగానే ఆ కుర్రాడు మెడ తిప్పిన తీరు చూసి నా పక్కనున్న పిల్లలు నిజంగానే వెనక్కి తగ్గారు. పిల్లాడి చిన్నప్పటి జబ్బు తగ్గితే వేషం కట్టిస్తానని మొక్కుకుందట ఆ తల్లి. ఆవిడ ఊరేగింపు వెంట చెప్పుల్లేకుండా నడిచింది.

ఇక పాటల సంగతి. 2025లో మా వైపు ఏ పెళ్లికి వెళ్లినా రెండు పాటలు తప్పలేదు. ఒకటి బొంబాయికి రానంటూ సాగే తెలంగాణ జానపదం, దాని గురించి ఇక్కడ ఇప్పటికే చాలామంది రాశారు. రెండోది ‘ఛి ఛి ఛి రే నని’. 1995 నాటి పాట ఇన్నేళ్ల తర్వాత దేశమంతా మోగిపోయింది. పాడింది సత్య అధికారి. డబ్బు చూసి తనను కాదనుకున్న పిల్లను పేద కుర్రాడు నిలదీసే పాట అది. దీన్ని అందరూ సంబల్‌పురి పాట అని రాసేశారు. అది ఒడిశాలోని కోరాపుట్ వైపు మాట్లాడే దేశియా మాటలో ఉన్న పాట. రాయగడ, కోరాపుట్, జయపురంలో మన తెలుగువాళ్లు ఎంతమంది లేరు! వాళ్ల పిల్లలు సంతలో మాట్లాడే మాట అదే. రాయగడలో మా పిన్నికూతురి పెళ్లిలో ఈ పాటకు వంటవాళ్లతో సహా అందరూ వచ్చి ఆడారు. పుట్టిన ఊరి పేరు పాటకు దక్కాలి, అందుకే ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

తప్పెటగుళ్లు చెప్పకపోతే మా పుట్టింటివాళ్లు ఊరుకోరు. పాతపట్నం నీలమణి దుర్గ గుడికి వెళ్లినప్పుడల్లా అమ్మ దగ్గర ఒక పూట ఆగుతాను. పోయినసారి దగ్గర్లోని పల్లెలో తప్పెటగుళ్ల బృందం ఆడుతోందని తమ్ముడు తీసుకెళ్లాడు. రేకుతో చేసిన గుండ్రటి తప్పెట గుండెకు కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో ఎగురుతూ, తిరుగుతూ, ఆ ఊపులోనే పాడతారు. గొర్రెలు కాసుకునే యాదవులు గంగమ్మ కోసం పాడుకున్న పాట ఇది. రొప్పు రాకుండా ఎలా పాడతారని ఒకాయన్ని అడిగితే, “ఊపిరి పాటలోనే తీసుకోవాల, పాట ఆపి తీసుకుంటే పోయినట్టే” అన్నాడు. మా వీధి మాస్టారు పాఠంలో పిల్లలకు చెప్పేదీ ఇదే.

గంజాం కృష్ణలీల గాయకుడు గోపీనాథ్ స్వైన్‌కు నూరేళ్లు దాటిన వయసులో, 2024లో పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడాది మన చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యగారికి, బుర్రవీణ దాసరి కొండప్పగారికీ వచ్చింది. ఆ వార్తలు చూశాకే మా వాళ్లకు ఈ ఆటలు ‘పాతకాలం వేషాలు’ కావని అనిపించింది. ప్రహ్లాద నాటకం చూడాలన్న ఆసక్తి మా పిల్లలకు కలిగింది ఆ తర్వాతే.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తిగారి జయంతి. ఆయన 1880 నుంచి మా పర్లాకిమిడిలోనే మాస్టారు. కొండల మీద సవరల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం రాసిన మనిషి. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. గత ఏడాది ఆ రోజున జరిగిన సభలో ఒక సవర అమ్మాయి తన భాషలో పాట పాడింది, తర్వాత మా అమ్మాయి తెలుగు పద్యం, ఇంకో పిల్ల గోపాలకృష్ణ పదం. మైకు సరిగ్గా పనిచేయలేదు, కుర్చీలు సగం ఖాళీ. నాకైతే ఆయన్ను ఇంత సరిగ్గా తలుచుకున్న సభ ఇంకోటి కనబడలేదు. గిడుగువారి పేరుతో శాలువాలు కప్పే సభలు చాలా ఉన్నాయి, సవర పాట ఉండేవి తక్కువ.

ఇవి చూడాలనుకునేవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తాను. ప్రహ్లాద నాటకానికి టికెట్లు, ఆన్‌లైన్ బుకింగులు ఉండవు. వేసవిలో బరంపురం, చికిటి, పర్లాకిమిడి వైపు ఎవరైనా తెలిసినవాళ్లుంటే ఫోన్ చేసి కనుక్కోండి, ఊళ్లో టీ కొట్టు దగ్గర అడిగినా చెబుతారు. దుప్పటి, మంచినీళ్లు, మరమరాలు తీసుకెళ్లండి. గాయకుడు ఉండే పక్కన కూర్చుంటే ముఖవీణ బాగా వినబడుతుంది. చంపూ మొదలుపెట్టేవాళ్లు పాత గాయకుల రికార్డింగులు వెతుక్కోండి, రోజుకో అక్షరం చాలు. పాట వినే ముందు ఎవరి గొంతు అది, రాధదా, లలితదా అని ఒడియా వచ్చిన స్నేహితుల్ని అడిగి తెలుసుకోండి. ఠాకురాణీ యాత్ర మళ్లీ 2027లో. ఆ నెలలో బరంపురంలో లాడ్జీలు దొరకవు, కాబట్టి శ్రీకాకుళం, పలాస, ఇచ్ఛాపురంలో చుట్టాలుంటే అక్కడ దిగి రైల్లో వచ్చి వెళ్లడం మేలు. రాత్రి ఘటాలు చూడాలంటే మాత్రం ఆ ఒక్క పూటైనా దేశీబెహెరా వీధి దగ్గర్లో ఉండేలా చూసుకోండి.